అష్టకు అణా వంతు: ఊరి ఆటలు, ఇంటి మాట, గణితం

నాలుగు గవ్వలు గుప్పిట్లో ఊపి నేలమీద వేస్తే ప్రతి గవ్వా రెండు తీర్లలో ఏదో ఒక తీరుగా ఆగుతుంది: వెల్లకిలా, లేదా బోర్లా. ఒక్కో గవ్వకు రెండేసి తీర్లు కాబట్టి నాలుగింటికీ కలిపి 16 పోకడలు. ఈ 16లో నాలుగూ బోర్లా పడేది ఒక్కటే, అది అష్ట. నాలుగూ వెల్లకిలా పడేదీ ఒక్కటే, అది చెమ్మ. ఒక్క గవ్వే వెల్లకిలా పడే పోకడలు 4, మూడు వెల్లకిలా పడేవి 4, రెండు వెల్లకిలా రెండు బోర్లా పడేవి 6. గవ్వ ఎటుపక్కా మొగ్గకుండా సమంగా పడుతుందనుకుంటే ఈ అంకెలే పందేల అవకాశాలు. వీటిని తెలంగాణలోని మోత్కూర్ అంగడిలో మాట్లాడే తెలుగులో చెప్పడానికి కొత్త పదం ఒక్కటీ కల్పించనక్కరలేదు. రూపాయికి 16 అణాలు. అష్ట పడే అవకాశం అణా వంతు, చెమ్మదీ అణా వంతే. ఒకటి పడేది చారాణ వంతు, మూడు పడేది చారాణ వంతు, రెండు పడేది ఆరణాల వంతు. అన్నీ కూడితే పదహారణాలు. 1957 ఏప్రిల్ 1న దశాంశ పైసలు వచ్చాక అణా క్రమంగా చెలామణి నుంచి తప్పుకుంది. అయినా చారాణ కోడికి బారాణ మసాల అనే సామెత నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఇంకా నాలుకల మీదే ఉంది. ఆ సామెతలోని ఎత్తిపొడుపు అర్థమైందంటే, విన్న మనిషి 16లో 4 వంతులను 16లో 12 వంతులతో పోల్చి చూసినట్టే.

ఈ అధ్యాయం నిలబెట్టదలచిన వాదం ఒకటే. ఊరి ఆటల్లో గణితం ఉంది, కానీ దాన్ని మోసేది ప్రధానంగా ఆడేవాళ్ల రోజువారీ మాట. నియమం మాటలోనే పుడుతుంది, మాటలోనే తగువుకు వస్తుంది, మాటలోనే తీరుతుంది. అందువల్ల ఆటను గణిత శాస్త్రజ్ఞులు ఒకవైపు, ఆ ఆట చుట్టూ నడిచే భాషను భాషా శాస్త్రజ్ఞులు మరోవైపు పంచుకుని చదివితే ఇద్దరికీ సగమే దక్కుతుంది. రెండూ కలిపి నమోదు చేసినప్పుడే పల్లె ఆట పరిశోధనకు నిలిచే వస్తువవుతుంది, బడిలో పాఠమూ అవుతుంది. మోత్కూర్ ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండేది, 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరింది. ఇలాంటి మెట్టప్రాంతపు ఊళ్లలో అష్టాచెమ్మ, పచ్చీసు, ఓనగుంటలు, పులిమేక, దాడి వంటి ఆటలు తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఆ తెలివిడి వాళ్ల నోటిమాటలో ఉన్నంతకాలమే మన వాదానికి సాక్ష్యం చేతికి అందుతుంది.

మొదట 1, 4, 6, 4, 1 అనే వరుసనే తీసుకుందాం. తెలుగు పద్యం చదువుకున్నవారికి ఇది కొత్త వరుస కాదు. గురువు, లఘువు అనే రెండింటితో నాలుగక్షరాల పాదాన్ని ఎన్ని తీర్లుగా కట్టవచ్చో ఛందశ్శాస్త్రం ప్రస్తారంతో లెక్కగడుతుంది. పాదానికి నాలుగక్షరాలుండే ఛందస్సు పేరు ప్రతిష్ఠ, అందులో వృత్తాలు 16. వాటిలో అన్నీ గురువులైనది 1, ఒకే లఘువున్నవి 4, రెండున్నవి 6, మూడున్నవి 4, అన్నీ లఘువులైనది 1. పింగళుని ఛందస్సూత్రాలకు 10వ శతాబ్దంలో వ్యాఖ్య రాసిన హలాయుధుడు ఈ అంకెలను మెట్లుమెట్లుగా పేర్చే మేరుప్రస్తారాన్ని వివరించాడు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో, కొన్ని వస్తువుల్లోంచి కొన్నింటిని ఎన్ని విధాలుగా ఎంచుకోవచ్చో చెప్పే సాధారణ సూత్రం ఇచ్చాడు. నాలుగు గవ్వల్లో ఏ రెండు వెల్లకిలా పడాలో ఎంచుకునే విధాలు 6 అని ఆ సూత్రమే చెబుతుంది. మహావీరుని ఆ గ్రంథాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే గవ్వల ఆటకు కావలసిన లెక్క వెయ్యేళ్ల కిందటే మన పండితుల దగ్గర ఉంది. ఆ లెక్కకు తగిన ఆట జనం దగ్గర ఉంది. కొరవడింది ఆ రెంటినీ ఒకచోట కూర్చోబెట్టిన పుస్తకం.

అణాల లెక్క ఇక్కడ కుదరడానికి కారణం స్పష్టం. గవ్వ ప్రతిసారీ అవకాశాన్ని రెండుగా చీలుస్తుంది. తెలుగువారి పాత భిన్నాల లెక్క కూడా సగం చేస్తూ పోయే లెక్కే: అర, పావు, పరక, వీసం. పరక అంటే 8లో ఒక వంతు, వీసం అంటే 16లో ఒక వంతు. పాత లెక్కల్లో ఈ భిన్నాలను రాయడానికి నాలుగును ఆధారంగా చేసుకున్న ప్రత్యేకమైన అంకెలు ఉండేవి. వాటికి 2008లో వెలువడిన యూనికోడ్ 5.1 కూర్పులో చోటు దక్కింది. కాబట్టి అష్ట పడే అవకాశం వీసం అన్నా, అణా వంతు అన్నా, 16లో ఒకటి అన్నా ఒకే మాట. దీని నుంచి ఇంకొంచెం ముందుకు నడవవచ్చు. ఒక్కో పందేనికి సగటున ఎన్ని గళ్లు నడుస్తాం? అష్టకు 8 ఒకసారి, చెమ్మకు 4 ఒకసారి, ఒకటి నాలుగుసార్లు, రెండు ఆరుసార్లు, మూడు నాలుగుసార్లు. కూడితే 16 పందేలకు 40 గళ్లు, అంటే పందేనికి రెండున్నర. అష్ట గానీ చెమ్మ గానీ పడితే మళ్లీ వేసే హక్కు ఉంటుంది. ఆ హక్కు పరక వంతు సార్లు దక్కుతుంది కాబట్టి, ఒక ఆటగాడు తన వంతు వచ్చినప్పుడు నడిచే సగటు రెండున్నర నుంచి సుమారు 2.86కు పెరుగుతుంది. ఈ లెక్కకు పావు, పరక, అణా అనే మాటలు తెలిసి, గుణకారం, భాగహారం వస్తే చాలు.

ఇక్కడొక మెలిక ఉంది, అది ఈ వాదాన్ని బలపరిచే మెలిక. నిజమైన గవ్వ నాణెం మాదిరి రెండువైపులా సమంగా పడదు. దాని వీపు ఉబ్బెత్తు, నోటివైపు చదును. పైగా గవ్వలు దొరకని ఇళ్లలో చింతగింజలను ఒకవైపు తెల్లగా కనిపించేదాకా బండమీద అరగదీసి వాటితో పందెం వేస్తారు. ఎంత అరగదీస్తే అంత తేడా వస్తుంది. ఒక గవ్వ అయిదింట మూడుసార్లు వెల్లకిలా పడుతుందనుకుందాం. అప్పుడు చెమ్మ పడే అవకాశం 625లో 81, అష్ట పడే అవకాశం 625లో 16 మాత్రమే. సమమైన గవ్వలతో ఒకే విలువగా కనిపించిన అణా, అణా ఇక్కడ ఒకదానికొకటి అయిదు రెట్ల దూరమయ్యాయి. అష్టకు 8 గళ్లు, చెమ్మకు 4 గళ్లు ఇవ్వడంలో ఏదైనా న్యాయం ఉందా అంటే, గవ్వ నూటికి సుమారు 54 సార్లు వెల్లకిలా పడితే రెట్టింపు అరుదైన పందేనికి రెట్టింపు ఫలం సరిగ్గా సరిపోతుంది. ఏ ఊరి గవ్వలు ఎలా పడతాయో ఎవరూ ఇంట్లో కూర్చుని చెప్పలేరు, వేసి లెక్కపెట్టాలి. ఈ గవ్వ మంచిగ పడుతలేదు అని ఆటలో ఒకరు అన్నప్పుడు, ఆ మాట వెనక కొన్ని వందల పందేల గమనిక ఉండవచ్చు, వట్టి అలకే ఉండవచ్చు. ఏది ఎంతో తేల్చడానికి గవ్వ ఒక్కటే చాలదు, మాట ఒక్కటే చాలదు. రెండూ కావాలి.

గవ్వల కన్నా ఓనగుంటలు ఈ సంగతిని మరింత గట్టిగా చూపిస్తాయి. ఇందులో అదృష్టానికి చోటే లేదు. రెండు వరుసల్లో ఏడేసి, మొత్తం 14 గుంటలు. ఒక గుంటలోని గింజలన్నీ తీసి, పక్క గుంటల్లో ఒక్కొక్కటిగా పంచుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే ఆ పక్క గుంటలోవి తీసుకుని మళ్లీ పంచాలి. పక్క గుంట ఖాళీగా ఉంటే దాని అవతలి గుంటలోవి గెలుచుకున్నట్టు. చాలాచోట్ల వినిపించే నియమం ఇది. గుంటకు 4 గింజల చొప్పున నింపి మొదలుపెడితే, మొదటి ఆటగాడు ఏడుసార్లు గింజలు చేతికి తీసుకుని పంచి, ఎనిమిదోసారి ఖాళీ గుంటకు చేరి, దాని పక్కనున్న 6 గింజలు గెలుస్తాడు. ఏ గుంట నుంచి మొదలుపెట్టినా ఇదే ఫలితం, ఎందుకంటే మొదట్లో గుంటలన్నీ ఒకే తీరు. అదే గుంటకు 5 చొప్పున నింపితే అయిదుసార్లు పంచగానే ఆట ఆగి 7 గింజలు దక్కుతాయి. ఇప్పుడు గింజలు 4 చొప్పునే ఉంచి నియమంలో ఒక్క మాట మారుద్దాం: పక్క గుంటలోవి కాకుండా, చివరి గింజ పడిన గుంటలోవే తీసుకోవాలి. అప్పుడు మూడుసార్లు పంచడంతోనే, చివరి గింజ మనం మొదట ఖాళీ చేసిన గుంటలోనే పడి ఆట ఆగిపోతుంది. కాగితం మీద 14 గళ్లు గీసి ఎవరైనా దీన్ని సరిచూసుకోవచ్చు.

గుంటలు మారలేదు, గింజలు మారలేదు. ఏ గుంటలోవి తీయాలన్న ఒక్క మాట మారింది, ఆట మరో ఆటైంది. ఈ ఆటల కుటుంబాన్ని ప్రపంచం మంకాలా అని పిలుస్తుంది. ఆఫ్రికాలో, పశ్చిమాసియాలో, దక్షిణ, ఆగ్నేయ ఆసియాల్లో వందల రూపాలున్నాయి. తమిళుల పల్లాంగుళి, కన్నడిగుల అళిగుళి మణె మన ఓనగుంటలకు దగ్గరి చుట్టాలు. హెచ్.జె.ఆర్. మర్రే 1952లో అచ్చయిన తన గ్రంథంలో ప్రపంచపు పలక ఆటల చరిత్రను కూర్చినప్పుడు, వీటిని వర్గీకరించడానికి ఆధారం చేసుకున్నవి యాత్రికులు, అధికారులు, మానవ శాస్త్రజ్ఞులు అడిగి రాసుకున్న నియమాలే. నియమం రాసుకోని చోట పలక మాత్రమే మిగులుతుంది. మ్యూజియంలో అందంగా చెక్కిన 14 గుంటల పలక ఒకటి ఉందంటే, అది ఎలాంటి ఆటలకు పనికొచ్చేదో మాత్రమే మనకు తెలుస్తుంది, దానిమీద ఏ ఆట ఆడారో తెలియదు. పల్లెల్లో ఈ ఆట ఎక్కువగా ఆడవాళ్లది. శివరాత్రి జాగారాల్లో, మధ్యాహ్నపు తీరిక వేళల్లో, చేతులతో పాటు నోళ్లూ ఆడుతుండగా నియమం ఒక తరం నుంచి ఇంకో తరానికి దాటింది. అది రాతలో లేదు కాబట్టి అందులో లెక్క లేదనుకోవడం, చదువుకున్నవాళ్లం చాలాకాలంగా చేస్తున్న పొరపాటు.

ఆటనూ ఇంటి మాటనూ కలిపితే ఏం జరుగుతుందో చూపించడానికి జపాన్ చరిత్ర మంచి సాక్ష్యం. యోషిదా మిత్సుయోషి అనే ఆయన 1627లో జింకోకి అనే పుస్తకం ప్రచురించాడు. చైనాలో 1592లో చెంగ్ దావెయ్ రాసిన గణిత గ్రంథం ఆయనకు ఆధారం. అయితే పండితులు రాసే చైనీయ శైలిని పక్కనపెట్టి, వర్తకులూ చేతివృత్తులవాళ్లూ చదవగలిగే జపనీస్‌లో, బొమ్మలతో రాశాడు. పూసల చట్రంతో లెక్కలు, ధాన్యం కొలతలు, డబ్బు మార్పిడితో పాటు ఆ పుస్తకం ముద్రణల్లో వినోద గణితానికీ చోటు దొరికింది. 30 మంది పిల్లలను గుండ్రంగా నిలబెట్టి, పదేసి మందికి ఒకరిని తప్పిస్తూ పోతే చివరికి మిగిలేదెవరు అనే సవతి తల్లి లెక్క అందులోదే. ఒక ఎలుకల జంట నెలకు 12 పిల్లలను కని, ఆ పిల్లలూ మరుసటి నెల జంటకు 12 చొప్పున కంటూ పోతే ఏడాదికి ఎన్నవుతాయన్న లెక్కా అందులోదే. నెలనెలా ఏడు రెట్లవుతూ పోయి జవాబు 2,768 కోట్లు దాటుతుంది. 1641 కూర్పు చివర ఆయన జవాబులివ్వకుండా 12 ప్రశ్నలు వదిలాడు. చదివినవాళ్లు వాటిని సాధించి, తమ ప్రశ్నలు తాము వదిలారు. ఆ గొలుసుకట్టే వాసాన్ అని పేరుపడిన జపాన్ స్వదేశీ గణితానికి ఊపిరి పోసింది. ఇంటి భాషలో చెప్పిన ఆట వేలమందిని గణితంలోకి తెచ్చింది, ఆ వేలమందిలోంచి కొందరు కొత్త గణితం సృష్టించారు.

జపాన్ ఆ మార్గాన్ని భాష వైపు నుంచి కూడా కొనసాగించింది. ఆ దేశపు జాతీయ భాషా పరిశోధన సంస్థ 2022లో 200 గంటల రోజువారీ సంభాషణల సంపుటిని పరిశోధకుల కోసం పూర్తిగా విడుదల చేసింది. మనుషులు తమ ఇళ్లలో, పనిచోట్ల, భోజనాల దగ్గర సహజంగా మాట్లాడుకున్న మాటలను ధ్వనితోనే కాక దృశ్యంతో కూడా నమోదు చేయడం దాని ప్రత్యేకత. మాట ఏ చేతి కదలికతో కలిసి వచ్చిందో తెలియకపోతే చాలా మాటలకు అర్థం తేలదు. ఆటల మాటకు ఇది రెండింతలు నిజం: ఇది తియ్యి, అటు పోనియ్యి అన్నప్పుడు ఏది, ఎటు అన్నది చేతిని చూస్తేనే తెలుస్తుంది. తెలుగులోనూ ఈ దారికి గట్టి పునాది ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయంపై 1962లో వెలువడింది. ఊరూరా తిరిగి, నాగలి భాగాలకూ నేల రకాలకూ రైతులు వాడే మాటలను వాళ్ల నోటనే విని, ఏ ప్రాంతంలో ఏ మాటో చూపిస్తూ కూర్చిన పని అది. తర్వాత చేనేత సంపుటం వచ్చింది. రైతు, నేతగాడు తమ పనిని ఏ మాటల్లో ఆలోచిస్తారో తెలుసుకోవడం విశ్వవిద్యాలయానికి తగిన పని అని ఆ పదకోశం నిరూపించింది. ఓనగుంటలు ఆడే తల్లి తన ఎత్తును ఏ మాటల్లో ఆలోచిస్తుందో తెలుసుకోవడమూ అంతే తగిన పని.

దీనిమీద వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. ఆడేవాళ్లు లెక్క వేయరు, అలవాటు కొద్దీ ఆడతారు. పరిశోధకుడే తన గణితాన్ని వాళ్ల చేతుల్లో చూసుకుంటున్నాడు అంటారు. గణిత చరిత్ర దీనికి ఒక జవాబు ఇస్తుంది. 17వ శతాబ్దం మొదట్లో ఇటలీలో మూడు పాచికల జూదంలో పుట్టిన ఒక ప్రశ్న గెలీలియో ముందుకు వచ్చింది. తొమ్మిదిని మూడంకెలుగా విడదీసే తీర్లు ఆరు, పదిని విడదీసే తీర్లూ ఆరే. అయినా ఆటలో పదే ఎక్కువసార్లు పడుతోంది, ఎందుకు? గెలీలియో మొత్తం 216 పోకడలను లెక్కపెట్టి, తొమ్మిదికి 25, పదికి 27 ఉన్నాయని చూపించాడు. తేడా 108లో ఒక వంతు. సిద్ధాంతం పుట్టకముందే, పాస్కల్, ఫెర్మాలు 1654లో ఉత్తరాలు రాసుకోకముందే, అంత సన్నని తేడాను ఆటగాళ్ల అనుభవం పసిగట్టింది. మన భారతంలో నలోపాఖ్యానం ఇదే బంధాన్ని కథగా చెబుతుంది. ఋతుపర్ణుడు చెట్టును చూసి ఆకులూ కాయలూ ఎన్నో చెబుతాడు. నలుడు లెక్కపెట్టి సరిచూసుకున్నాక, తాను అక్షహృదయం తెలిసినవాణ్ణనీ, సంఖ్యలోనూ నేర్పరిననీ ఋతుపర్ణుడు అంటాడు. పాచికల తెలివీ సంఖ్యల తెలివీ ఒకే చోట ఉంటాయని ఆ కథకుడికి తెలుసు. ఆటగాడికి సిద్ధాంతం తెలుసని ఎవరూ అనడం లేదు. సిద్ధాంతానికి ముడిసరుకైన గమనిక అతని దగ్గర ఉందనీ, ఆ గమనిక అతని మాటల్లోనే దొరుకుతుందనీ మాత్రమే అంటున్నాం.

రెండో అభ్యంతరం ఇటువైపు నుంచి వస్తుంది. అణాలూ వీసాలూ గవ్వల అవకాశాలతో సరిపోయాయంటే, మన పూర్వులకు సంభావ్యతా శాస్త్రం అంతా తెలుసని చాటుకోవడానికి ఇది తొలిమెట్టు కాదా? కాకూడదు. నాలుగు గవ్వల వల్ల 16 రావడం, రూపాయికి 16 అణాలుండటం, రెండూ సగం చేసే అలవాటు నుంచి వేరువేరుగా పుట్టినవి. ఒకదాన్ని చూసి ఇంకొకటి కట్టారనడానికి ఆధారం లేదు. అష్ట పడే అవకాశం అణా వంతు అని ఏ పాత గ్రంథమో చెప్పిందని ఈ అధ్యాయం అనడం లేదు. దీని విలువ వేరే చోట ఉంది. కొత్త భావన నేర్వవలసిన మనిషికి, ఆ భావనకు సరిగ్గా సరిపడే కొలత తన మాటలో ముందే సిద్ధంగా ఉంది. దాన్ని వాడుకోవడానికి పూర్వుల గొప్పతనం నిరూపించనక్కరలేదు. లేని గొప్పను అంటగడితే ఉన్న విలువ కూడా అనుమానంలో పడుతుంది కాబట్టి, ఈ విషయంలో హద్దు దాటకపోవడం ఆటలను ప్రేమించేవాళ్లకే ఎక్కువ అవసరం.

మూడో అభ్యంతరం కంప్యూటర్ల కాలానిది. యంత్రాలు ఆటలను తుదిదాకా సాధిస్తున్నాయి కదా, ఇంకా పెద్దల మాటలు ఎందుకు? నిజమే, ఆమ్‌స్టర్‌డామ్‌లో జాన్ రోమైన్, హెన్రీ బాల్ 2002లో ఆఫ్రికా గుంటల ఆట అవారీని పూర్తిగా సాధించారు. సుమారు 88,906 కోట్ల స్థితులను లెక్కగట్టి, ఇద్దరూ తప్పు లేకుండా ఆడితే ఆట సమమని తేల్చారు. తొమ్మిదేసి కాయలతో 24 బిందువుల మీద ఆడే మన దాడి లాంటి ఐరోపా ఆటను స్విట్జర్లాండ్‌లో రాల్ఫ్ గాసర్ 1993లో సాధించాడు, అదీ సమమే. నాలుగు పులులు, 20 మేకలతో ఆడే నేపాల్ బాఘ్‌చాల్‌ను యూ జిన్ లిమ్, యుర్గ్ నీవర్‌గెల్ట్ చేపట్టారు. చివరికి లిమ్ గణనలో అదీ సమమని తేలింది. అయితే వీటిలో ఏ ఫలితమూ మన ఆటకు నేరుగా వర్తించదు. అవారీలో 12 గుంటలు, ఓనగుంటల్లో 14. గెలుచుకునే నియమమూ వేరు. మన పులిమేకలో ప్రసిద్ధమైన రూపం మూడు పులులు, 15 మేకలతో త్రికోణపు గీతల మీద ఆడేది. బాఘ్‌చాల్ పలక అయిదు గీతల చదరం. యంత్రం లెక్క మొదలుపెట్టాలంటే ముందు దానికి నియమం చెప్పాలి. చివరి గింజ తర్వాత ఎక్కణ్ణుంచి తీయాలి, ఖాళీ గుంటలు రెండు వరుసగా వస్తే ఏం చేయాలి, పులి కదలలేకపోతే ఎవరు గెలిచినట్టు? ఈ జవాబులు మోత్కూర్ చుట్టుపక్కల ఒక ఊళ్లో ఒకలా, ఇంకో ఊళ్లో మరోలా ఉండవచ్చు. ప్రతి తేడా ఒక కొత్త గణిత సమస్య. యంత్రబలం పెరిగేకొద్దీ పెద్దల నోటి నియమాలకు విలువ పెరుగుతుంది, ఎందుకంటే ఇప్పుడు వాటిని సాధించే సాధనం మన చేతిలో ఉంది.

నాలుగోది బడి వైపు నుంచి వచ్చే అభ్యంతరం. సంభావ్యత అనే పారిభాషిక పదం పాఠ్యపుస్తకంలో ఉంది, పరీక్షలో అదే అడుగుతారు. అణాలు చూడని పిల్లలకు అణాల్లో చెబితే ఒక కష్టం రెండవుతుంది కదా? ఈ మాటలో న్యాయం ఉంది. వీసం, పరక చాలామంది పిల్లలకు కొత్తమాటలే, వాటిని బట్టీ పట్టించనక్కరలేదు. కానీ అర, పావు, ముప్పావు, చారాణ, బారాణ ఇంకా వాడుకలో ఉన్నవే. గవ్వలకు ఆ నాలుగైదు మాటలే చాలు. పావు వంతు అనే మాట నుంచి 4లో 1కి, దాని నుంచి 0.25కు, దాని నుంచి నూటికి 25కు నడిపించడం, పిల్లవాణ్ణి తెలిసినచోటి నుంచి తెలియని చోటికి తీసుకుపోవడమే. సంభావ్యత అనే పదం చివర్లో వస్తుంది, అప్పటికి అది దేని పేరో వాడికి తెలిసి ఉంటుంది. గణితానికి గుర్తులు చాలు, భాషతో పనిలేదనేవారు ఒకటి గమనించాలి: గుర్తును రాయకముందు సమస్యను అర్థం చేసుకోవాలి, ఆ అర్థం చేసుకోవడం ఎప్పుడూ ఏదో ఒక భాషలోనే జరుగుతుంది. ఊరి యాస బరువైన భావాలను మోయలేదనే వాదం ఈ ప్రాంతంలో అసలే నిలవదు. ఇక్కడివాడైన సుద్దాల హనుమంతు వెట్టి బతుకుల మీద ఆలోచననూ తిరుగుబాటునూ ఆ యాసలోనే పాటకట్టాడు. అంత మోసిన భాష భిన్నాన్ని మోయలేదా?

ఇన్ని సాక్ష్యాల నుంచి చేయవలసిన పని కూడా తేటగానే కనిపిస్తోంది. మొదటిది నమోదు. మోత్కూర్ మండలం నుంచి మొదలుపెట్టి, నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టప్రాంతపు ఊళ్లలో ఈ ఆటలు ఎరిగిన ఆడవాళ్లనూ మగవాళ్లనూ ఆడమని కోరి, వాళ్ల అనుమతితో ఆటంతా మాటతో సహా చిత్రీకరించాలి. నియమాన్ని విడిగా అడిగితే మనిషి పుస్తకం మాట చెబుతాడు, తగువు వచ్చినప్పుడే అసలు నియమం బయటపడుతుంది. కాబట్టి పూర్తి ఆటలే కావాలి. రెండోది లెక్క. నమోదైన ప్రతి నియమాన్నీ గణిత విభాగాల విద్యార్థులు కంప్యూటర్ భాషలోకి మార్చి, మొదట ఆడేవారికి లాభముందా, ఆట ఎప్పటికీ ముగియకుండా తిరిగే అవకాశముందా, ఎక్కడి నియమం ఎక్కువ న్యాయమైనదో తేల్చాలి. ఫలితాన్ని ఆడినవాళ్లకే వాళ్ల మాటలో తిరిగి చెప్పి, అది తమ అనుభవంతో కలుస్తుందో లేదో అడగాలి. మూడోది బడి. ఎనిమిదో తరగతి పిల్లలు తమ ఇంటి గవ్వలనో, తాము అరగదీసిన చింతగింజలనో వెయ్యిసార్లు వేసి పట్టిక రాస్తే, అష్టకు నిజంగా అణా వంతు వస్తుందో, అంతకు తక్కువో వాళ్లే కనిపెడతారు. తరగతిలో ఒక్కో జట్టుకు ఒక్కో జవాబు వస్తుంది. ఆ తేడా ఎందుకన్న ప్రశ్నతోనే గణాంకశాస్త్రం మొదలవుతుంది. జింకోకి జపాన్‌కు ఇచ్చింది కొత్త సూత్రాలను కాదు, సామాన్యుడి ఇంట్లో గణితానికి ఒక చోటును. ఆ చోటు మన ఇళ్లలో గవ్వల రూపంలో, గుంటల రూపంలో, పావు ముప్పావుల రూపంలో ముందునుంచే ఉంది. దాన్ని గుర్తించి పుస్తకానికెక్కించే బాధ్యత ఈ తరం పరిశోధకులది, ఉపాధ్యాయులది. ఆటలు బతుకుతాయో లేదో ఎవరూ హామీ ఇవ్వలేరు. వాటిలోని ఆలోచనను నిలపడం మాత్రం మన చేతిలో ఉన్న పని, చెప్పగలిగిన పెద్దలు ఉండగానే పూర్తి చేయవలసిన పని.